ఆరడుగుల గోడకి మోడల్ రైల్వే ప్లాన్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. అమలాపురంలో అద్దె ఇల్లు, చిన్న గదిలో కిటికీ ఉన్న గోడ వారన ఆరడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు వాడుకోవచ్చు, అంతకు మించితే మంచం అడ్డం. అందులో రాజమండ్రి స్టేషన్, ఆర్చి బ్రిడ్జి, డబుల్ లైను, గోదావరి ఎక్స్‌ప్రెస్ పూర్తి రేకుతో, అంటే బోగీల వరస మొత్తంతో రావాలి. మోడల్ రైళ్ళ సైజుల్లో (స్కేల్ అంటారు) పెద్దదైన హెచ్ఓ కొనాలా, చిన్నదైన ఎన్ కొనాలా? ఆరేళ్ళ బాబేమో రైలు గుండ్రంగా తిరగాలంటున్నాడు.

సూటిగా చెప్తున్నాను. రాజమండ్రి వదిలేయండి, కోటిపల్లి లాంటి స్టేషన్ కట్టండి. ఎన్ స్కేల్ తీసుకోండి. బాబు కోరిక వేరే బోర్డు మీద తీర్చండి, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఎందుకంటున్నానో లెక్క చూడండి. ఈ హాబీలో సగం గొడవలు కొలవకుండా సరుకు కొనేయడం వల్లే వస్తాయి. 1997లో కట్టడం పూర్తయిన ఆర్చి బ్రిడ్జికి 28 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు), ఒక్కోటి దాదాపు 97.5 మీటర్లు. ఎన్ స్కేల్ అంటే నిజం కొలతలో 160వ వంతు, 1:160, ఆ లెక్కన ఒక్క ఆర్చే 61 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు. మొత్తం బ్రిడ్జి 17 మీటర్లు. హెచ్ఓలో, అంటే 1:87లో, 31 మీటర్లు దాటిపోతుంది. 1900లో రైళ్ళకి తెరిచిన పాత హేవలాక్ బ్రిడ్జి స్పాన్ చిన్నదే, 45.7 మీటర్లు, ఎన్‌లో 28.6 సెంటీమీటర్లకి వస్తుంది, కానీ అలాంటివి 56 ఉన్నాయి. రెండు స్పాన్లు పెట్టి ఇదే అఖండ గోదావరి అంటే మన ప్రాంతం వాళ్ళెవరూ ఒప్పుకోరు. ఇక రైలు. ఇప్పటి కొత్త రకం, ఎల్‌హెచ్‌బీ బోగీ 23.5 మీటర్లు, ఎన్‌లో 14.7 సెంటీమీటర్లు. పద్దెనిమిది బోగీలకి ఇంజను కలిపితే 2.8 మీటర్లకి దగ్గర పడుతుంది. మీ గోడ 1.83 మీటర్లు. రైలు స్టేషన్లో ఆగితే ముందు మీటరు దాకా గుమ్మం బయట ఉంటుంది.

అప్పుడు అందరూ చేసే పని ఏమిటంటే అన్నీ కొంచెం కొంచెం కోస్తారు. బోగీలు ఐదుకి, ప్లాట్‌ఫారం రెండడుగులకి, బ్రిడ్జి ఒక స్పాన్‌కి. ప్రతి కోతా విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది, అన్నీ కలిపి చూస్తే రాజమండ్రి పోలిక ఎక్కడా మిగలదు. చోటు తక్కువైనప్పుడు నిజంగానే చిన్నగా ఉండే ఊరు, నిజంగానే పొట్టి రైలు నడిచే లైను వెతుక్కోవాలి. అప్పుడు మీరు కోసేది చాలా తక్కువ, మిగిలిందంతా ఉన్నది ఉన్నట్టు కట్టుకోవచ్చు.

మన డెల్టాలో అలాంటిది చేతికి అందేంత దూరంలోనే ఉంది. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వరకు 45 కిలోమీటర్ల సింగిల్ లైను. 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకేశారు, మళ్ళీ 2004లో వేసి తెరిచారు. తెరిచాక దాని మీద రైల్‌బస్ నడిచింది. లైను చివర గౌతమి గట్టు, అవతల ముక్తేశ్వరం, మధ్యలో పంటు. ఒక పెట్టెంత బండి వచ్చి ఆగి, జనం దిగి రేవు వైపు నడిచిపోయే స్టేషన్ అది. ఇంతకంటే షెల్ఫ్ లేఅవుట్‌కి, అంటే గోడ వారన సన్నటి బోర్డు మీద కట్టే మోడల్‌కి, కుదిరే చోటు నాకు తట్టడం లేదు. నరసాపురం కూడా లైను చివరి స్టేషనే కానీ అక్కడికి పూర్తి రేకు ఎక్స్‌ప్రెస్‌లు వస్తాయి, మళ్ళీ పొడవు సమస్య మొదటికొస్తుంది.

ఇక్కడ ఒక నిర్ణయం మీరే తీసుకోవాలి, ఏ కాలం అని. 2004 తర్వాతి కోటిపల్లి కడితే రైల్‌బస్, ఒక లైను, చివర బండిని ఆపే అడ్డు (బఫర్), అయిపోయింది. చూడటానికి బావుంటుంది, ఆడుకోవడానికి నెల తిరిగేసరికి పని ఉండదు. ఇంకో దారి ఉంది. 1940లో ఆ పట్టాలు పీకకుండా ఉండి, గౌతమి దాటి లైను మీ ఊరిదాకా వచ్చి ఉంటే 1980 ప్రాంతంలో అమలాపురం స్టేషన్ ఎలా ఉండేది? మూడు బోగీల పాసింజరు, డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను, కొబ్బరికాయలు, ధాన్యం, ఎరువుల బస్తాలు ఎక్కించే చిన్న గూడ్స్ షెడ్. ఆ రోజుల్లో ఒకటీ అరా వ్యాగన్లు ఇలాంటి స్టేషన్లలో వదిలి, తీసుకుపోయేవాళ్ళు, ఇప్పట్లా రేకు మొత్తం ఒకే సరుకుతో వచ్చే పద్ధతి ఇంకా పూర్తిగా స్థిరపడలేదు. షంటింగ్, అంటే వ్యాగన్లు విడదీసి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్చే పని, చేయడానికి కారణం దొరికేది అక్కడే. నేనైతే రెండోదే కడతాను. కోనసీమ వాళ్ళు తరాలుగా ఎదురుచూస్తున్న రైలు అది, కోటిపల్లి–నరసాపురం కొత్త లైను పనులు పూర్తయ్యేలోపు మీ గదిలో వచ్చేస్తుంది.

స్కేల్ సంగతికొస్తే, ఇండియన్ రైల్వేస్ మోడళ్ళు చేసే చిన్న తయారీదారులు ఎక్కువగా హెచ్ఓలోనే చేస్తారు, అందుకే కొత్తవాళ్ళు అటు మొగ్గుతారు, అందులో తప్పేం లేదు. కానీ పాత రకం, ఐసీఎఫ్ బోగీ హెచ్ఓలో 24.5 సెంటీమీటర్లు, మూడు బోగీలు, ఇంజను కలిపితే తొంభై సెంటీమీటర్లు దాటాయి, మీ గోడలో సగం. ఇంజను బోగీల పక్కగా వెళ్ళి రెండో చివరికి రావడానికి పక్క లైను (లూప్) వేస్తే మిగతా సగం పోతుంది. రైలు రావడానికి చోటే ఉండదు. అదే బోగీ ఎన్‌లో 13.3 సెంటీమీటర్లు. దీనికి తోడు ఒక కలిసొచ్చే విషయం ఉంది. జపాన్‌లో మామూలు రైళ్ళ బోగీ 20 మీటర్లు, వాళ్ళు ఎన్‌ని 1:150లో చేస్తారు, అదీ 13.3 సెంటీమీటర్లే. అంటే అక్కడి కాటో, టోమిక్స్ కంపెనీల పట్టాలు ఏ పొడవు బోగీల కోసం తయారయ్యాయో మన ఐసీఎఫ్ సరిగ్గా అదే పొడవు. ఎన్‌లో రెడీమేడ్‌గా మన ఇంజన్లు, బోగీలు దొరకడం కష్టం, ఆ మాట నిజమే. త్రీడీ ప్రింట్ బాడీలు చేయించి, ఇంజను బాడీని సైజు కుదిరే ఆరు ఇరుసుల డీజిల్ చాసిస్ (మోటారు, చక్రాలు ఉన్న అడుగు భాగం) మీద ఎక్కించి, రంగు మీరే వేసుకోవాలి. వ్యాగన్లకి ఆ బాధ కూడా లేదు, బ్రిటిష్, యూరప్ నాలుగు చక్రాల మూత వ్యాగన్లు కొని బ్రౌన్ రంగు కొట్టి మన అక్షరాలు వేస్తే మూడడుగుల దూరం నుంచి ఎవరూ పట్టుకోలేరు.

పట్టా వెడల్పు గురించి ఎవరైనా మిమ్మల్ని భయపెడతారు, కాబట్టి ఒక్క మాట. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, ఎన్‌లో అది పదిన్నర మిల్లీమీటర్లు కావాలి, దొరికే పట్టా 9 మిల్లీమీటర్లు. హెచ్ఓలో 19.3 కావాలి, దొరికేది 16.5. అందరూ దానితోనే నడిపిస్తున్నారు, మీరూ నడిపించండి.

ఇప్పుడు ప్లాన్. మొత్తం 1830 మిల్లీమీటర్లు. కుడి చివర బఫర్ దగ్గర మొదలుపెట్టండి. బఫర్ నుంచి ఇంజను ఒక్కటే పట్టేంత ముక్క, 130 మిల్లీమీటర్లు. తర్వాత ఒక పాయింటు (ఒక లైను రెండుగా చీలే పట్టా), కాటో నాలుగో నంబరు పాయింటు పొడవు 126 మిల్లీమీటర్లు. తర్వాత 560 మిల్లీమీటర్ల పొడవున రెండు లైన్లు, ఒకటి ప్లాట్‌ఫారం లైను, రెండోది లూప్. మూడు బోగీలు వాటిని కలిపే కొక్కేలతో (కప్లర్లు) కలిపి 420 తీసుకుంటాయి, మిగతా 140 రెండు వైపులా పాయింటు దగ్గర పక్క లైన్లో బండికి తగలకుండా వదలాల్సిన ఖాళీ. ఆ ఖాళీ వదలకపోతే కాగితం మీద కుదిరినది బోర్డు మీద కుదరదు, బోగీ మూలలు ఒకదానికొకటి రాసుకుంటాయి. తర్వాత ఇంకో పాయింటు, 126. ఇక్కడికి 942 అయింది. ఇంకా ఎడమకి వెళ్తే గూడ్స్ సైడింగ్‌కి (వ్యాగన్లు నిలబెట్టే పక్క లైనుకి) మూడో పాయింటు, అది వెనక్కి తిరిగి ప్లాట్‌ఫారం వెనక గోడ వైపు సాగుతుంది. ఆ తర్వాత కాలువ మీద చిన్న గర్డర్ బ్రిడ్జి. మన కాలువల మీద కనిపించే 18.3 మీటర్ల ప్లేట్ గర్డర్ ఎన్‌లో 114 మిల్లీమీటర్లే, అది నిజం కొలతతోనే పెట్టుకోవచ్చు. అక్కడికి దాదాపు 1260 మిల్లీమీటర్లు. మిగిలిన 570 లైను అవతలి ప్రపంచం, కాకినాడ అనుకోండి, అక్కడ దృశ్యం ఏమీ కట్టకండి.

ఆ 570 భాగమే లేఅవుట్‌కి ప్రాణం, కొత్తవాళ్ళు దీన్నే వదిలేస్తారు. 560 పొడవు, మూడంగుళాల వెడల్పు ప్లైవుడ్ పట్టీలు నాలుగు కోయించండి, ఒక్కోదాని మీద ఫ్లెక్సీ ట్రాక్ (వంచుకోగలిగే పొడవు పట్టా) అతికించండి. ఒకదాని మీద మూడు బోగీల పాసింజరు, ఒకదాని మీద గూడ్స్, ఒకదాని మీద రైల్‌బస్. రైలు బయటికి వెళ్ళాక పట్టీని అలాగే ఎత్తి కింది అరలో పెట్టి ఇంకో పట్టీ తెచ్చి పెడతారు. పట్టీకీ బోర్డుకీ పట్టాలు వెంట్రుక వాసి తేడా లేకుండా కలవాలి, దానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే చిన్న ఇత్తడి టవర్ బోల్టులు వాడండి. బోల్టు బోర్డు మీద, దాని గొట్టం పట్టీ మీద, రెండు వైపులా ఒక్కోటి. ప్రతి బోల్టుకీ బోర్డు పట్టా నుంచి వైరు, ప్రతి గొట్టానికీ పట్టీ మీది పట్టా నుంచి వైరు సోల్డర్ చేస్తే, గడియ వేయగానే పట్టాలు వరసకి వస్తాయి, కరెంటు కూడా దాని గుండానే వెళ్తుంది, గడియ తీయగానే ఆగిపోతుంది. పట్టీ సరిగా బిగించకుండా దాని మీది రైలుని నడిపి కింద పడేసుకునే ప్రమాదం ఉండదు. స్టీలు బోల్టు వద్దు, మన గాలికి తుప్పు పట్టి కరెంటు అందదు.

ఆడుకోవడానికి ఏముంది అంటారా. బ్రిటన్ మోడలర్ అలన్ రైట్ ఇంగిల్‌నూక్ సైడింగ్స్ అని ఒక ఆట పెట్టాడు, ప్రపంచమంతా ఇప్పటికీ కడుతున్నారు. మూడు లైన్లు, ఒకదానిలో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ఇంజను వైపు ముక్కలో ఇంజను, మూడు వ్యాగన్లు మాత్రమే పడతాయి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీటీలు తీసి ఐదు వ్యాగన్లు ఏ వరసలో వస్తే ఆ వరసలోనే రైలు కట్టాలి. ఆ వరసలు 6,720 రకాలుగా రావచ్చు. రెండే రెండు పాయింట్లతో ఇంత పని. పైన చెప్పిన ప్లాన్లో లూప్, గూడ్స్ సైడింగ్, ప్లాట్‌ఫారం లైను కలిపి ఇదే ఆట ఆడుకోవచ్చు, కాకపోతే సైడింగ్ పొడవు మూడు వ్యాగన్లకి సరిపోయేలా ఆపండి, ఎక్కువ పెడితే పజిల్ తేలికైపోతుంది.

మీకు ఇండియన్ వ్యాగన్లే కావాలి, పాసింజరు లేకపోయినా ఫరవాలేదు అంటే హెచ్ఓలో ఇంగిల్‌నూక్ ఒక్కటే కూడా మీ గోడ మీద పడుతుంది. బాక్స్‌ఎన్ వ్యాగన్ 10.7 మీటర్లు, హెచ్ఓలో 12.3 సెంటీమీటర్లు, డబ్ల్యూడీఎం-2 దాదాపు 19.7. ఇంజనుకి మూడు వ్యాగన్లు కలిపి 57, పెకో కంపెనీ చిన్న పాయింటు పద్దెనిమిదిన్నర, ఐదు వ్యాగన్లకి 62, కొంచెం ఖాళీలు కలిపితే ఒకటిన్నర మీటర్లలో అయిపోతుంది. ఇదీ మంచి లేఅవుటే. స్టేషన్ మీద మనసు లేకపోతే ఇది కట్టండి.

ప్లాన్ కాగితం మీద గీయడం కంటే పాత న్యూస్‌పేపర్లు అతికించి ఆరడుగుల పరుపు చేసి, దాని మీద నిజం సైజులో వేయడం మేలు. పెకో వాళ్ళు పాయింట్ల నమూనాలు ప్రింట్ తీసుకోవడానికి ఉచితంగా ఇస్తారు. బోగీల సైజు అట్టముక్కలు కోసి పట్టా మీద జరిపి చూడండి. కంప్యూటర్ మీదే చేయాలంటే ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ అనే ప్రోగ్రాం ఉచితం, నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి.

మన దగ్గర కట్టేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, ఎవరూ చెప్పరు. డెల్టా అంతా చదును. కొండ లేదు, టన్నెల్ లేదు, పట్టా ఎత్తెక్కక్కర్లేదు. చిన్న చోటులో లైను మీద లైను ఎక్కించాలని చూసేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. ఎన్‌లో ఒక పట్టా మీదుగా ఇంకో పట్టా దాటాలంటే ఐదు సెంటీమీటర్ల ఎత్తు కావాలి, యాభైకి ఒకటి ఎత్తున ఎక్కితే దానికే రెండున్నర మీటర్లు పోతుంది. మీకు అది లేదు. మన నేలలో ఎత్తుపల్లం అంటే కాలువ, డ్రైను, చెరువు, అన్నీ పట్టా కింది వైపు. కాబట్టి ప్లైవుడ్ మీద ఒకటిన్నర అంగుళం ఫోమ్ షీటు పరిచి దాని మీద పట్టా వేయండి, కాలువ దగ్గర ఫోమ్‌ని కిందికి కోయండి. రైలు కట్ట చేల కంటే ఒక సెంటీమీటరు ఎత్తులో ఉండాలి, వానాకాలంలో నీళ్ళు నిలిచే నేల కదా, నిజం లైన్లన్నీ అలా మట్టికట్ట మీదే ఉంటాయి. ఆ సెంటీమీటరు ఎత్తు పెట్టకపోతే ఎంత బాగా రంగులేసినా మన ఊరి పోలిక రాదు.

టన్నెల్ లేకపోతే రైలు ఆ 570 భాగంలోకి ఎలా మాయమవుతుంది? దీని గురించి జనం చాలా టెన్షన్ పడతారు. రోడ్ ఓవర్‌బ్రిడ్జి పెట్టేవాళ్ళున్నారు, 1980 పల్లెటూరికి అది నప్పదు. కాలువ బ్రిడ్జి దాటగానే రెండు వైపులా దట్టంగా కొబ్బరి తోట పెట్టండి, వెనక రైస్‌మిల్లు గోడ అడ్డంగా. చెట్ల మధ్య నుంచి రైలు పోతుంటే బోర్డుకి కన్నం ఉందని తెలియనే తెలియదు.

కొబ్బరి చెట్టు మీద శ్రద్ధ పెట్టండి, మీ లేఅవుట్‌ని కోనసీమ అని చెప్పేది అదే. ఇరవై మీటర్ల చెట్టు ఎన్‌లో పన్నెండున్నర సెంటీమీటర్లు, అందరూ తక్కువ ఎత్తుతో చేస్తారు, అప్పుడు తాటిచెట్టో ఖర్జూరమో తెలియదు. పాత కరెంటు వైరు లోపలి రాగి పోగులు పదిహేను ఇరవై తీసుకుని మెలిపెట్టి మొండెం చేయండి, చివర పోగులు విప్పి గొడుగులా వంచండి. ఒక్కో పోగుని రెండు మాస్కింగ్ టేపు ముక్కల మధ్య అతికించి, కత్తెరతో ఆకు ఆకారంలో కోసి, రెండంచులా ఏటవాలుగా సన్నగా గాట్లు పెట్టండి. పై మట్టలు కొంచెం పైకి, కింది మట్టలు మొండేనికి ఆనేలా కిందికి, ఒకటి రెండు ఎండు మట్టలు గోధుమరంగులో. మొండెం నిటారుగా ఉండకూడదు, కాలువ గట్టు మీద చెట్లు నీళ్ళ వైపు వాలి ఉంటాయి. రెండు మూడు రోజుల సాయంత్రాలు కూర్చుంటే తోటకి కావలసినన్ని అయిపోతాయి.

కాలువ నీళ్ళకి ఎపాక్సీ రెజిన్ పోయమని వీడియోల్లో చెప్తారు. మన చెమ్మకి అది మసక బారుతుంది, మీద జిడ్డు పొర కడుతుంది. పైగా మన కాలువలో అడుగు కనిపించదు కదా. అడుగున మట్టిరంగు, కొంచెం ఆకుపచ్చ కలిపి వేసి, దాని మీద నిగనిగలాడే వార్నిష్ పలుచగా నాలుగైదు పూతలు, ఒక్కోటీ ఆరనిచ్చి వేయండి. ఒక మూల గుర్రపుడెక్క తేలుతూ పెట్టారంటే ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇసుక, మట్టి బయట కొనకండి, మన చుట్టూ ఉన్నదే. కొబ్బరి పొట్టు జల్లిస్తే దున్నిన చేనుకి, కట్ట మీద మట్టికి బాగా పనికొస్తుంది. గోదావరి ఇసుక మాత్రం వేసేముందు ఆరబెట్టి పళ్ళెంలో పోసి అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి అందులో తిప్పండి. నల్లటి గింజలు అంటుకుని వస్తాయి. అవి ఇనుము ఉన్న రేణువులు. పట్టాల దగ్గర వేస్తే ఇంజను కిందికి ఎగిరి మోటారు అయస్కాంతానికి పట్టుకుంటాయి, గేర్లు అరిగిపోతాయి. సముద్రం ఒడ్డు ఇసుకలో ఇవి ఇంకా ఎక్కువ, దాన్ని అసలు తేవద్దు, ఉప్పు కూడా ఉంటుంది.

బోర్డు కింద సంగతి. ఎండీఎఫ్ వాడకండి, మన వానాకాలానికి అంచులు పూరీలా పొంగుతాయి. ఐఎస్ 710 ముద్ర ఉన్న పన్నెండు మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తీసుకుని, కింది వైపు, కోసిన అంచులు కూడా వదలకుండా ప్రైమర్ కొట్టండి. పైన ఒక్కటే రంగు వేసి కింద వదిలేస్తే చెమ్మ ఒక పక్క నుంచే పీల్చుకుని బోర్డు వంగుతుంది. అద్దె ఇల్లు కాబట్టి గోడకి డ్రిల్లు వేయకుండా స్లాటెడ్ యాంగిల్ ర్యాక్ బిగించి దాని మీద పెట్టండి, గోడకీ బోర్డుకీ రెండంగుళాలు ఖాళీ వదలండి. గోడలోంచి దిగే చెదలు దాటకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. ఫోమ్‌లో చీమలు గూడు పెడతాయి, నెలకోసారి కింద టార్చి వేసి చూసుకోవాలి. కిటికీ గోడ అన్నారు, తుఫాను జల్లు లోపలికి కొడుతుంది, రోలర్ కర్టెన్ లాగా ప్లాస్టిక్ షీటు ఒకటి పైన చుట్టి ఉంచండి. బోర్డు ఎత్తు నాలుగడుగులు పెడితే కుర్చీలో కూర్చున్నప్పుడు చూపు రైలుకి దాదాపు సమానంగా ఉంటుంది, బాబు కోసం చిన్న స్టూలు వేయండి.

పట్టాలు నికెల్ సిల్వర్‌వే కొనండి, పాత స్టీలు పట్టాలు చవగ్గా వస్తున్నాయని కొంటే ఇక్కడ ఒక్క వానాకాలం కూడా ఆగవు. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు గుడ్డ చాలు. ఎమెరీ పేపరు పెట్టి రుద్దితే గీతలు పడి మురికి ఇంకా తొందరగా పడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో పట్టాలు వేస్తుంటే అతుకుల దగ్గర ఖాళీ అక్కర్లేదు, చలికాలంలో వేస్తుంటే రెండు మూడు అతుకుల్లో అర మిల్లీమీటరు వదలండి, ఆ అతుకులకి రెండు వైపులా వైరు విడిగా ఇవ్వండి. నిజానికి ఇంత చిన్న బోర్డులో కూడా పట్టా ముక్కలని కలిపే లోహపు తొడుగులను (జాయినర్లు) నమ్ముకోకుండా ప్రతి పట్టా ముక్కకీ కింద నుంచి వైరు వేయడమే మంచిది.

రైల్‌బస్ పెడితే ఒకటి గుర్తుంచుకోండి. దానికి ఉండేది నాలుగు చక్రాలే, ఏ ఒక్కటి మురికి మీదకో పాయింటులోని ప్లాస్టిక్ ముక్క మీదకో వస్తే ఆగిపోతుంది. పాయింట్లు కొనేటప్పుడు నడిమి ముక్క లోహంతో ఉండి కరెంటు అందే రకం చూసి కొనండి.

కంట్రోలర్ మామూలు 12 వోల్టుల డీసీది చాలు, ఒకేసారి ఒక ఇంజనే కదులుతుంది కాబట్టి ఇంజన్లని విడివిడిగా నడిపే డిజిటల్ పద్ధతి (డీసీసీ) ఖర్చు ఇప్పుడే పెట్టుకోకండి. జపాన్ నుంచి తెప్పిస్తే వెనక రాసింది చదవండి, వాళ్ళ మెయిన్స్ 100 వోల్టులు, అలాంటిది మన 230లో పెడితే ఆ క్షణమే కాలిపోతుంది. కరెంటు పోయినప్పుడు నాబ్ సున్నాకి తిప్పేయడం బాబుకి కూడా అలవాటు చేయండి, లేకపోతే తిరిగొచ్చినప్పుడు ఇంజను ఉన్నపళంగా దూకి బఫర్‌ని గుద్దుతుంది.

బాబు కోరిక గురించి. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ప్లైవుడ్‌కి చక్రాలు బిగించి మంచం కిందికి తోసేయండి. దాని మీద కాటో 315 మిల్లీమీటర్ల రేడియస్ వంపులతో ఓవల్ వేస్తే అడ్డంగా 655 మిల్లీమీటర్లు, 762లో సుఖంగా పడుతుంది, అంచుకి ఐదు సెంటీమీటర్లు మిగులుతుంది. వంపు రేడియస్ బోగీ పొడవుకి కనీసం రెట్టింపు ఉండాలి, రెండున్నర రెట్లుంటే నిశ్చింత, మూడు రెట్లుంటే చూడ్డానికి కూడా బాగుంటుంది అని మోడలర్ల లెక్క. 315 అంటే ఐసీఎఫ్‌కి 2.4 రెట్లు, నడుస్తుంది. ఇదే హెచ్ఓలో చేయాలంటే 22 అంగుళాల వంపుకి కూడా 2.3 రెట్లే వస్తుంది, దానికి నాలుగడుగుల వెడల్పు బోర్డు కావాలి, మీ గదిలో నడిచే దారి ఉండదు. మధ్యలో చెరువు ఒకటి పెట్టి వాడికే వదిలేయండి, రంగులు వాడే వేసుకుంటాడు. షెల్ఫ్ మీది ఇంజన్లు, వ్యాగన్లు దీని మీద కూడా నడుస్తాయి కాబట్టి డబ్బు రెండుసార్లు పెట్టినట్టు కాదు.

కొనే వరస ఇలా పెట్టుకోండి. ముందు ర్యాక్, ప్లైవుడ్. తర్వాత మూడు పాయింట్లు, కొంచెం ఫ్లెక్సీ ట్రాక్, కంట్రోలర్. తర్వాత ఏదో ఒక మామూలు రెడీమేడ్ ఇంజను, నాలుగు వ్యాగన్లు. పట్టా అతికించకుండా పిన్నులతో నిలబెట్టి రెండు వారాలు నడపండి, వ్యాగన్లని ఇంజనుతో వెనక్కి తోయించి ప్రతి పాయింటు మీదా మెల్లగా దాటించండి, పట్టా తప్పేది ఎక్కడో అప్పుడే తెలుస్తుంది, లాగేటప్పుడు బయటపడదు. అది తేలాక మాత్రమే జిగురు. డబ్ల్యూడీఎం-2 బాడీ, ఐసీఎఫ్ బోగీలు తొందర లేదు, స్టేషన్ నిలబడ్డాక చేయించుకోవచ్చు.

ఇంకొకటి, ఎడమ చివర పట్టీ కలిసే చోట పట్టా బోర్డు అంచుకి నిటారుగా, ముందు అంచు నుంచి కొలిచి ఒక ఖాయమైన దూరంలో ఉండేలా ఇప్పుడే వేసుకుని ఆ కొలత రాసి పెట్టుకోండి. రేపు ఇల్లు మారి ఇంకో గోడ దొరికితే పట్టీ తీసేసి అదే టవర్ బోల్టులకి రెండో బోర్డు కలుపుతారు, దాని మీద ద్రాక్షారామం కట్టుకోవచ్చు, ఇక్కడ వేసిన ఒక్క పాయింటు కూడా పీకక్కర్లేదు.